నాలుగు శాఖలు, ఒకే బోరు నీళ్లు: ఉమ్మడి పరిశోధనపై పాఠకుల ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంతకు ముందు అక్కడున్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం. పక్కన విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఈ చుట్టుపక్కల సమస్యలు ఏ ఒక్క విభాగం గుమ్మం దగ్గరా ఆగేవి కావు. ఉద్దానం కిడ్నీ జబ్బు తీసుకున్నా, పొందూరు నేత తీసుకున్నా నాలుగు శాఖలవాళ్లు కలిసి కూర్చోవాల్సిందే. కూర్చున్నాక ఏం తేడాలొస్తున్నాయో చెబుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈ నెల జవాబులన్నీ వాటికే. రాసినవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగాల్లో ఉన్నారు కనుక పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: *మా ఆర్థిక శాస్త్ర విభాగం, రసాయన శాస్త్ర విభాగం కలిసి పీజీలో తాగునీటి మీద ఒక ఎలెక్టివ్ పేపరు పెడదామనుకుంటున్నాం. ఇద్దరమూ క్లాసులో ఉంటే వర్క్‌లోడ్ ఒక్కరికే రాస్తామని ఆఫీసు అంటోంది. పేపర్లు ఎవరు దిద్దాలన్నదీ తేలలేదు. — అధ్యాపకురాలు, ఆమదాలవలస*

జవాబు: మొత్తం గంటలన్నీ ఇద్దరూ కూర్చోవాలన్న ఆలోచన ముందు మానుకోండి. నాలుగు క్రెడిట్ల పేపరంటే 60 గంటలు, క్రెడిట్‌కు 15 చొప్పున. అందులో ఇద్దరూ తప్పనిసరిగా ఉండాల్సినవి పన్నెండు గంటలు, మహా అయితే పదిహేను. టైట్రేషన్ (ద్రావణం చుక్కలు చుక్కలుగా వేసి కొలిచే పరీక్ష) నేర్పే గంటకు ఆర్థిక శాస్త్రం మేడమ్ అక్కర్లేదు. ఒక బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 1.2 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి, ఆ గంటకు మాత్రం ఇద్దరూ ఉండాలి. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఆమోదయోగ్యమైన హద్దు 1.0. వేరే నీరు లేని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. 'వేరే నీరు' ఆ ఊళ్లో ఉందా, టిన్ను నీళ్లు కొనుక్కునే స్తోమత ఏ ఇంటికుంది, ఏ ఇంటికి లేదు అన్నది బ్యూరెట్ (ఆ పరీక్షలో వాడే గాజు గొట్టం) చెప్పదు.

ఆఫీసుతో నోటి మాటల వల్ల లాభం లేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు పాఠం చెప్పాలి. ఈ లెక్క చూపించాలి కనుకే ఆఫీసు ఒక గంటకు ఒకే పేరు రాస్తుంది. వాళ్ల ఇబ్బంది వాళ్లది. రెండు విభాగాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ (పాఠ్యాంశాలు ఖరారు చేసే కమిటీ) సమావేశాల్లోనూ ఒకే వాక్యంతో తీర్మానం రాయించండి: 'ఈ పేపరులో ఫలానా యూనిట్లకు చెందిన 12 గంటలను ఇద్దరు అధ్యాపకుల వర్క్‌లోడ్‌లోనూ లెక్కించాలి' అని. గంటల సంఖ్య వేయకుండా 'కలిసి బోధిస్తారు' అని మాత్రం రాస్తే ఆ తీర్మానం ఎందుకూ కొరగాదు. రెండు మినిట్స్‌లో అంకెలు వేరుగా ఉన్నా ఫైలు వెనక్కొస్తుంది. టైం టేబుల్‌లో వరసగా రెండు గంటల స్లాటు, అదీ మధ్యాహ్నం అడగండి. పొద్దుటి పూట సైన్సు ల్యాబులు ఉంటాయి.

దిద్దడానికి సులువైన దారి, సెక్షన్ ఏ, సెక్షన్ బి జవాబులు వేర్వేరు బుక్‌లెట్లలో రాయించడం. ఒకే బుక్‌లెట్ అయితే అది ఒక విభాగంలో దిద్దించి రెండో విభాగానికి తిరగాలి, ఫలితాలు ఆలస్యమవుతాయి, కోడింగ్ (పేపరు మీద పేరుకు బదులు రహస్య నంబరు వేయడం) దగ్గర తప్పులు పడతాయి. ఇంటర్నల్ మార్కులకు మాత్రం విడదీయకండి. నలుగురు విద్యార్థుల జట్టు, జట్టులో కనీసం రెండు శాఖలవాళ్లు, ఒకే నివేదిక. మార్కుల్లో అరవై శాతం జట్టుకు, నలభై శాతం ఎవరికి వారికి వైవాలో (మౌఖిక పరీక్షలో) వేయండి. వైవాలో కెమిస్ట్రీ పిల్లవాడిని సర్వే గురించి, ఎకనామిక్స్ పిల్లను నీటి పరీక్ష గురించి అడగండి. ఇది ముందే చెప్పకపోతే ఎవరి ముక్క వాళ్లు రాసుకొచ్చి స్టేప్లర్ కొడతారు.

మొదటి ఆరు గంటలు భాష కుదుర్చుకోవడానికి ఉంచండి. మిల్లీగ్రాము పర్ లీటర్ అంటే ఏమిటి, సగటుకూ మధ్యగతానికీ తేడా ఏమిటి, కుటుంబమంటే ఎవరు. ఈ చివరిదాన్ని సైన్సు విద్యార్థులు తేలిగ్గా తీసుకుంటారు. జనాభా లెక్కల్లో కుటుంబం అంటే కలిసి ఉంటూ ఒకే వంటగదిలో తినేవాళ్లు. ఒకే కప్పు కింద అన్నదమ్ములిద్దరూ వేరు పొయ్యిలు పెట్టుకుంటే అవి రెండు కుటుంబాలు. నీళ్లు కూడా వేర్వేరు చోట్ల నుంచి తెచ్చుకుంటూ ఉండొచ్చు. ఇంటి నంబరుకు ఒక్కటే ఫారం నింపితే సర్వే అక్కడే తప్పింది.

ప్రశ్న: *ఒకే బోరు నీళ్లను మా జియాలజీ విభాగమూ, కెమిస్ట్రీ విభాగమూ పరీక్షించాయి. నైట్రేట్, సిలికా, ఐరన్ మూడూ కలవలేదు. నైట్రేట్ అయితే నాలుగు రెట్లు తేడా. ఎవరిది తప్పు? — పరిశోధక విద్యార్థి, సోంపేట*

జవాబు: నాలుగు రెట్లు అనగానే మాకు తప్పు కన్నా యూనిట్ మీద అనుమానం. నైట్రేట్‌ను నైట్రేట్‌గా రాయొచ్చు, అందులోని నైట్రోజన్‌గానూ రాయొచ్చు. రెండో దాన్ని 4.43తో గుణిస్తే మొదటిది వస్తుంది. తాగునీటి హద్దు 45 మిల్లీగ్రాములు అన్నది నైట్రేట్‌గా రాసినప్పటి లెక్క. నైట్రోజన్‌గా రాస్తే అదే సుమారు 10.2. సిలికాదీ అదే కథ: సిలికాన్‌గా వచ్చిన అంకెను 2.14తో గుణిస్తే సిలికా. ఐసీపీ (మూలకాలను కొలిచే) యంత్రం సిలికాన్ చెబుతుంది, మాలిబ్డేట్ రంగు పద్ధతిలో సాధారణంగా సిలికాగా రాస్తారు. ఫలితాల షీటు మీద కాలమ్ తలకట్టులో 'ఏ రూపంలో' అన్నది రాయమని ఇద్దరినీ అడగండి. సగం తగాదాలు అక్కడే తీరతాయి.

తీరకపోతే సీసాల దగ్గరికి వెళ్లాలి. సిలికాకు గాజు సీసా పనికిరాదు, బోరోసిలికేట్ అయినా సరే. గాజులోంచే సిలికా నీళ్లలోకి దిగుతుంది. ఫ్లోరైడుకూ ప్లాస్టిక్కే. ఐరన్ ఎక్కువ వచ్చిందంటే ఎక్కువసార్లు కారణం వరస తప్పడమే. లోహాల కోసం తీసే నీటిని ముందు 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టి, ఆ తర్వాత పీహెచ్ 2 కన్నా తగ్గేదాకా నైట్రిక్ ఆమ్లం వేయాలి. ఆమ్లం ముందు వేసి తర్వాత వడకడితే నీళ్లలో తేలే మట్టి రేణువుల్లోని ఇనుము కూడా కరిగి లెక్కలోకి వస్తుంది. అప్పుడు మీరు కొలిచింది నీటిని కాదు, మట్టిని. ఇంకో విషయం, చేతి పంపు జీఐ (జింకు పూసిన ఇనుప) పైపుదైతే జింకు, ఐరన్ ఆ పైపు నుంచీ వస్తాయి. పైపు ఏ రకమో నోట్‌బుక్కులో రాయాలి.

ఈసారి రెండు విభాగాలూ ఒకే రోజు, ఒకే బోరు దగ్గర నిలబడి తీయండి. పంపు వేసి ఐదు నుంచి పది నిమిషాలు నీళ్లు వదిలేయాలి. కండక్టివిటీ (విద్యుత్ వాహకత) మీటరు అంకె కదలకుండా నిలబడ్డాకే సీసా పట్టాలి. పీహెచ్, కండక్టివిటీ, ఉష్ణోగ్రత అక్కడికక్కడే కొలవాలి. ఎచ్చెర్ల ల్యాబుకు చేరేసరికి పీహెచ్ మారిపోతుంది, ఆల్కలినిటీ (క్షారత) కూడా వీలైతే బోరు దగ్గరే చూసుకోవడం మేలు. ఒక్కో విభాగానికి బోరుకు రెండు సీసాలు: ఆమ్లం వేయని అర లీటరు సీసా (ఫ్లోరైడ్, క్లోరైడ్, నైట్రేట్, సల్ఫేట్ వగైరా), వడకట్టి ఆమ్లం వేసిన 100 మిల్లీలీటర్ల సీసా (లోహాలు). లోహాల సీసా ముందురోజే పది శాతం నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి డిస్టిల్డ్ వాటరుతో కడిగి ఉండాలి. నైట్రేట్ సీసా ఐస్‌బాక్సులో పెట్టి 48 గంటల్లోపు పరీక్షించాలి. ప్రతి పది బోర్లకు ఒకదాన్ని రెండుసార్లు తీసి, రెండో సీసాకు వేరే నంబరు వేయండి. ల్యాబువాళ్లకు అది జంట అని తెలియకూడదు. రోజుకొకటి ఖాళీ నమూనా, అంటే డిస్టిల్డ్ వాటరునే పొలం దగ్గర సీసాలో పోసి అన్ని దశలూ దాటించింది, ఉండాలి.

ఫలితాలు వచ్చాక ధన అయాన్ల మొత్తం, రుణ అయాన్ల మొత్తం మిల్లీ ఈక్వివలెంట్లలో (విద్యుదావేశం లెక్కలో) పోల్చి చూడండి. తేడా ఐదు శాతం లోపు ఉంటే పరవాలేదు. పది దాటిందంటే ఎక్కడో ఒక అయాన్ తప్పు వచ్చింది, ఆ వరసను వాడకూడదు. ఈ ఒక్క లెక్క జియాలజీవాళ్లకు అలవాటు. సోషల్ సైన్సువాళ్లు ల్యాబు ఇచ్చిన ప్రతి అంకెనూ వేదవాక్కులా తీసుకుని గణాంక లెక్క అయిన రిగ్రెషన్‌లో పెట్టేస్తారు. పెట్టే ముందు ఈ అయాన్ల తేడా కాలమ్ ఉందా అని అడగాలి.

అడగకపోయినా ఒక హెచ్చరిక. ఇవాళ కవిటిలోనో వజ్రపుకొత్తూరులోనో రోగి ఇంటి బోరులో మీరు కొలిచేది ఇవాళ్టి నీళ్లు. ఆయన పదిహేనేళ్ల కిందట తాగింది ఏ బావి నీళ్లో, ఆ బావి ఇప్పుడుందో పూడిపోయిందో సర్వేవాళ్లు అడిగి రాయాలి. ఉద్దానం జబ్బుకు సిలికా అనీ, భారలోహాలనీ, పురుగుమందులనీ, ఎండలో నీళ్లు చాలక పడే శ్రమ అనీ, నొప్పి మాత్రలనీ అనుమానాలు చాలా ఉన్నాయి, ఏదీ రుజువు కాలేదు. కనుక 'కారణం కనిపెట్టాం' అనే శీర్షిక కట్టడానికి తొందరపడకండి.

ప్రశ్న: *మాది సోషల్ వర్క్ పీజీ, ఎంఎస్‌డబ్ల్యూ. ఊళ్లో సర్వేతో పాటు రక్త నమూనాలు కూడా తీస్తామని బయోటెక్నాలజీ విభాగం ముందుకొచ్చింది. సర్పంచ్ గారు ఒప్పుకున్నారు. ఇక మొదలుపెట్టొచ్చా? — పలాస*

జవాబు: మొదలుపెట్టకూడదు. సర్పంచ్ ఒప్పుకోవడం ఊళ్లోకి రావడానికి మర్యాద, రక్తం తీయడానికి అనుమతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధన నైతికత చూసే ఎథిక్స్ కమిటీ ముందే ఆమోదించాలి. ఆ కమిటీ అధ్యక్షులు సంస్థ బయటివారై ఉండాలి, సమావేశానికి కనీసం ఐదుగురు ఉండాలి, వాళ్లలో వైద్యేతరులూ ఉండాలి. మీ విశ్వవిద్యాలయంలో అలాంటి కమిటీ లేకపోతే శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల లాంటి చోట రాతపూర్వక ఒప్పందంతో వాళ్ల కమిటీకి పంపవచ్చు. అలా చేస్తే ఇంకో మేలు కూడా ఉంది: ఒక డాక్టరు మీ జట్టులోకి వస్తారు. రక్తం తీసి, తేడా కనిపించిన మనిషిని ఎక్కడికి పంపాలో తెలియని జట్టు రక్తం తీయకూడదు.

సమ్మతి పత్రం తెలుగులో, అదీ సోంపేట చెరువు గట్టు మీద చదివితే అర్థమయ్యే తెలుగులో రాయండి. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్లకు ఒడియాలో. చదవలేనివారికి చదివి వినిపించాలి, వేలిముద్ర వేయించాలి, మీ జట్టుకు సంబంధం లేని చదువుకున్న సాక్షి సంతకం ఉండాలి. ఆశా కార్యకర్త మీ దగ్గర గౌరవ భృతి తీసుకుంటుంటే ఆమె సాక్షి కాదు.

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే పదార్థం) గురించి. ఒక్క పరీక్ష చూసి 'మీకు కిడ్నీ జబ్బు' అనేయడం ఈ ఊళ్లలో జరిగే ఘోరమైన పొరపాటు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) 60 కన్నా తక్కువ ఉండటం గానీ, మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రోటీన్) పోవడం గానీ కనీసం మూడు నెలలు నిలబడితేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. జీడితోటలో మధ్యాహ్నం దాకా పనిచేసి వచ్చిన మనిషికి క్రియాటినిన్ పెరిగి కనిపిస్తుంది, ముందురోజు రాత్రి మాంసం తిన్నా అంతే. పొద్దున్నే, పనిలోకి వెళ్లకముందు తీయండి. రెండు గంటల్లోపు సీరం వేరు చేయాలి. ల్యాబును ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మీ క్రియాటినిన్ పద్ధతి ఐడీఎంఎస్ (అంతర్జాతీయ కొలత పద్ధతి) ప్రమాణానికి సరిచూసిందేనా? కాకపోతే రెండు ఊళ్లను, రెండు ల్యాబులను పోల్చలేరు.

ప్రశ్న: *సర్వే, నీళ్లు, రక్తం మూడూ అయ్యాయి. మూడు విభాగాల దగ్గర మూడు ఎక్సెల్ ఫైళ్లున్నాయి. కలపబోతే సగం కలవడం లేదు. ఎలా? ఎంతమందిని తీసుకుంటే సరిపోతుందో కూడా చెప్పండి. — స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు, టెక్కలి*

జవాబు: పేర్లతో కలపబోయి ఉంటారు. ఉత్తరాంధ్ర ఊళ్లో అప్పలనాయుడు ఒక్కడుంటాడా? ఒకే వీధిలో నలుగురు, అందులో ఇద్దరికి తండ్రి పేరు రామినాయుడు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ రాసినవాడి ఇష్టం. పేరును కలిపే తాడుగా వాడకూడదు.

ముందే వేయాల్సిన నంబరు ఇది: గ్రామ కోడ్, ఇంటి వరస సంఖ్య, మనిషి సంఖ్య. బోరుకు వేరే వరస. సర్వే ఫారంలో 'తాగేది ఏ బోరు' అన్న గడిలో ఆ బోరు నంబరు రాయాలి, 'ఇంటి వెనక బోరు' అని కాదు. ఎందుకంటే మీ మూడు ఫైళ్లలో వరస అన్నదానికి మూడు అర్థాలున్నాయి. నీళ్ల ఫైల్లో ఒక వరస ఒక బోరు, సర్వేలో ఒక కుటుంబం, రక్తంలో ఒక మనిషి. ముప్పై ఇళ్లు ఒకే బోరు తాగితే ఆ బోరు అంకె ముప్పై సార్లు పడుతుంది. దాన్ని ముప్పై వేర్వేరు కొలతలుగా లెక్కేస్తే లేని బలం ఉన్నట్టు కనిపిస్తుంది. నంబరు స్టిక్కర్లు నాలుగేసి అచ్చు వేయించండి: ఫారం మీద ఒకటి, రక్తం ట్యూబు మీద, మూత్రం డబ్బా మీద, రిజిస్టరులో ఒకటి. చేత్తో రాస్తే ఐస్‌బాక్సు తడికి పోతుంది.

గ్రామ కోడ్‌కు కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్ వాడండి. ఎక్సెల్‌లో నంబర్ల కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టకపోతే ముందు సున్నాలుంటే మింగేస్తుంది. తేదీలదీ అదే గొడవ: 04-05 అంటే మే నాలుగా, ఏప్రిల్ అయిదా? సంవత్సరం ముందు రాసి నెల, రోజు రాయించండి.

మన జిల్లాకు ప్రత్యేకంగా ఉన్న ఉచ్చు ఇంకొకటి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరంలోకి వెళ్లాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. 2011 జనాభా లెక్కల్లో 'శ్రీకాకుళం' అంటే పాత జిల్లా. ఇవాళ్టి ఆసుపత్రి రిజిస్టరులో 'శ్రీకాకుళం' అంటే కొత్తది. పైన ఆసుపత్రి అంకె, కింద జనాభా అంకె వేసి రేటు కడితే తప్పు రేటే. ఎప్పుడూ మండలం స్థాయికి దిగి, ఆ మండలాలను మళ్లీ కూడండి.

ఎంతమంది అన్నదానికి: జబ్బు ఇరవై శాతం ఉండొచ్చని అంచనా, అటూ ఇటూ ఐదు శాతం తేడాతో చాలనుకుంటే, మామూలు సూత్రం 246 మంది అంటుంది. కానీ మీరు ఊరూరా ఇరవైమంది చొప్పున తీసుకుంటారు, ఒకే ఊరివాళ్లు ఒకే నీరు, ఒకే పని. ఆ పోలికను (ఇంట్రా క్లస్టర్ కోరిలేషన్) 0.05 అనుకుంటే గుణకం 1 + 19 × 0.05, అంటే 1.95. అంటే 480 మంది. పదిమందిలో ఒకరు రారనుకుంటే 534. ఇరవై చొప్పున 27 ఊళ్లు. 246తో పది, పన్నెండు ఊళ్లు తిరిగి చాలించిన పనిని జర్నల్ వెనక్కి పంపితే అది అన్యాయం కాదు.

ప్రశ్న: *నేను ఎంఏ ఎకనామిక్స్, నెట్ కూడా అందులోనే. పీహెచ్‌డీ భూగర్భ జలాల మీద చేయాలని ఉంది. జియాలజీ సార్ గైడ్‌గా ఉంటానంటున్నారు. ఏ విభాగంలో నమోదు కావాలి? వ్యాసాల్లో పేర్ల వరస ఎలా? — విజయనగరం*

జవాబు: ఎకనామిక్స్‌లోనే నమోదు కండి. రేపు ఉద్యోగ ప్రకటనలో సంబంధిత సబ్జెక్టులో పీజీ, నెట్ చూస్తారు. పీహెచ్‌డీ పట్టా ఇంకో విభాగం పేరుతో ఉంటే ప్రతి ఇంటర్వ్యూలో దాన్ని వివరించుకుంటూ కూర్చోవాలి. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు వేరే విభాగం నుంచి కో-సూపర్‌వైజరును అనుమతిస్తాయి. జియాలజీ సార్‌ను అలా పెట్టుకోండి. సార్ రిటైర్మెంటుకు మూడేళ్ల లోపు ఉంటే కొత్త స్కాలర్‌ను గైడ్‌గా తీసుకోలేరు, అదీ చూసుకోండి. కోర్సువర్కు కనీసం 12 క్రెడిట్లు. అందులో పరిశోధన నైతికత పేపరు పోను మిగిలినవాటిలో జియాలజీ పీజీ క్లాసులోని హైడ్రోజియాలజీ పేపరు ఒకటి తీసుకుంటామని రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ మొదటి సమావేశంలోనే రాయించండి.

గైడ్లు ఇద్దరిలో ఎవరికీ తక్కువ చేసినట్టు అనిపించకుండా ఉండటానికి ఈ లెక్క తెలిసి ఉండటం మంచిది. యూజీసీ 2018 నిబంధనల్లో అధ్యాపకుల పరిశోధనకు పాయింట్లిచ్చే పట్టికలో ఒక పీహెచ్‌డీ పూర్తయితే పది పాయింట్లు. ఇద్దరు గైడ్లుంటే ఇద్దరికీ ఏడేసి. అంటే పంచుకోవడం వల్ల ఎవరూ సగానికి పడిపోరు. ఉమ్మడి ప్రాజెక్టులో మాత్రం ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటరుకూ, కో-ఇన్వెస్టిగేటరుకూ సగం సగం. వ్యాసాల్లో ఇద్దరైతే ఒక్కొక్కరికి డెబ్భై శాతం, ఇద్దరు దాటితే మొదటి లేదా బాధ్యత వహించే రచయితకు డెబ్భై, మిగతావారికి ముప్పై చొప్పున. నాలుగో పేరు చేర్చడం వల్ల మూడో పేరుకు నష్టం లేదు. తగువు ఎప్పుడూ మొదటి పేరు దగ్గరే. మొదటి నమూనా తీయకముందే రాసుకోండి: నీళ్ల కూర్పు వ్యాసానికి జియాలజీ ముందు, ఖర్చుల వ్యాసానికి ఎకనామిక్స్ ముందు. విభాగాధిపతి కనుక పేరు పెట్టడం అన్నది ఈ లెక్కల్లో ఎక్కడా లేదు.

ప్రశ్న: *ప్రాజెక్టు డబ్బు మా విభాగం ఖాతాలో ఉంది. రెండో విభాగానికి ఆర్గాన్ సిలిండర్లు కొనడానికి వీలు కాదంటున్నారు. — ఎచ్చెర్ల*

జవాబు: ఆర్గాన్ (ఐసీపీ లాంటి యంత్రాలకు వాడే వాయువు) వాడుక వస్తువు. దాన్ని పరికరాల పద్దులో చూపబోతే ఆడిట్ ఆపుతుంది, కన్స్యూమబుల్స్‌లో చూపితే ఆగదు. మంజూరు పత్రంలో ఆ పద్దు లేకపోతే నిధులిచ్చిన సంస్థ రాతపూర్వక అనుమతితో పద్దు మార్చుకోవాలి, కొన్నాక కాదు. ఎవరి స్టాకు రిజిస్టరులో ఎక్కాలన్నది కూడా ముందే తేల్చండి. జీఎఫ్ఆర్ (కేంద్ర ఆర్థిక నిబంధనలు) 12-ఏ ఫారంలో వినియోగ పత్రం ఆలస్యమైతే రెండో విడత రాదు, రెండు విభాగాల పనీ ఆగిపోతుంది.

ప్రశ్న: *మందస కొండల్లో సవరలు వాడే మొక్కల మీద తెలుగు శాఖ, వృక్షశాస్త్ర శాఖ కలిసి పనిచేస్తున్నాం. ఎండబెట్టిన నమూనాలు చూపిస్తే పెద్దలు పేర్లు చెప్పలేకపోతున్నారు. — మెళియాపుట్టి*

జవాబు: వాళ్లు మొక్కను గుర్తుపట్టేది బెరడు వాసనతో, పాలతో, అది మొలిచే చోటుతో. అట్ట మీద అతికించిన ఎండు కొమ్మలో అవేవీ లేవు. బతికున్న మొక్క దగ్గరే అడగండి, ఒకరిని కాదు, వేర్వేరు ఊళ్లవాళ్లను విడివిడిగా. ఒకే పేరుతో రెండు మొక్కలు, ఒకే మొక్కకు రెండు ఊళ్లలో రెండు పేర్లు మామూలే. కొమ్మకు కట్టిన చీటీ మీద, నోట్‌బుక్కులో, ఆడియో ఫైలుకు, ఫొటోకు ఒకే నంబరు వేయండి. రికార్డింగు కుదించని వేవ్ ఫార్మాట్‌లో ఉంచండి. వాట్సాప్‌లో పంపిన ఆడియోలో సవర భాషలోని గొంతు బిగించి పలికే ధ్వనులు నలిగిపోతాయి, తెలుగు లిపిలో వాటికి గుర్తూ లేదు. సవర భాష సొంత లిపి సోరంగ్ సోంపెంగ్ తెలిసిన సవర యువకులుంటే జట్టులోకి తీసుకోండి, సమాచారం ఇచ్చేవారిగా కాదు, పేరున్న సభ్యులుగా.

మందు తయారీ వివరాలు అచ్చు వేసే ముందు గ్రామసభ ముందు పెట్టండి. జీవవైవిధ్య చట్టం 2002 కింద స్థానిక కమిటీ పాత్ర కూడా ఉంది. శాఖలు కలవడం కొత్త ఫ్యాషనేమీ కాదు: పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు చరిత్ర పాఠం చెప్పే మాస్టారు. శ్రీముఖలింగం శాసనాలు చదివిందీ, సవర వ్యాకరణం, నిఘంటువు చేసిందీ ఆయనే.

ప్రశ్న: *మేము పొందూరులో నూలు వడుకుతాం. యూనివర్సిటీవాళ్లు వస్తారు, వీడియో తీస్తారు, నూలు పట్టుకెళ్తారు, మళ్లీ కనపడరు. మేమేం అడగాలి బాబూ? — పొందూరు*

జవాబు: అమ్మా, నూలు ఇచ్చేటప్పుడు ఏ రోజు వడికింది, ఏ పత్తి, ఎన్ని చిలపలు (నూలు చుట్టలు) అని ఒక కాగితం మీద రాయించి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. నూలు ఖరీదూ, మీరు పని ఆపి కూర్చున్న పూట కూలీ అడగండి. ప్రాజెక్టుల్లో దానికి పద్దు పెట్టుకోవచ్చు, పెట్టుకోకపోతే అది వాళ్ల తప్పు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే పని వీడియో తీస్తే ఎక్కడ చూపిస్తారో ముందే చెప్పమనండి.

ఇక ఆ సార్లకు ఒక మాట. నూరో నంబరు (చాలా సన్నని) నూలు బలం కొలిచే ముందు దాన్ని 27 డిగ్రీల ఉష్ణోగ్రత, 65 శాతం తేమ ఉన్న గదిలో ఒక రోజంతా ఉంచాలి. పత్తి నూలు తేమకు బలపడుతుంది, ఎండితే తగ్గుతుంది. ఆగస్టులో ఏసీ లేని గదిలో కొలిచిన అంకెనూ, ఏసీ గదిలో కొలిచిన మిల్లు నూలు అంకెనూ పక్కపక్కన పెట్టి 'పొందూరు నూలు గట్టిది' అన్నా, 'బలహీనం' అన్నా రెండూ చెల్లవు. ఒక్కో చిలప నుంచి ఒక్క ముక్క కాదు, కనీసం యాభై ముక్కలు తెంపి చూడాలి. చేతి నూలులో సన్నం, లావు తేడాలు ఎక్కువ. ఆ ఫలితాల కాగితం ఒకటి, తెలుగులో, నూలు ఇచ్చిన ఇంటికి పంపాలి.